తూకానికి వేయరాని ఇనుము

మొన్న సంక్రాంతికి ఊరు చేరేసరికి మా దొడ్డి ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉన్నది. పాత ఇనుము కొనేవాని బండి అది. ఆయన వేపచెట్టు కింద మూడు చక్రాల మీదా ఒక బండరాయి మీదా నిలిచి ఉన్న మా ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చేత్తో తట్టి, "కిలో లెక్కనయితే ఇప్పుడే ఎత్తుకొని పోతా" అన్నాడు. మా తమ్ముడు నా మొహం చూశాడు. "ఉగాది దాకా ఆగుదాం" అన్నాను. "ఆగి ఏం చేసుకుంటావన్నా?" అన్నాడు వాడు. వాని ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ వ్రాస్తున్నదే ఈ టపా.

మాది కుందూ ఒడ్డున నల్లరేగడి పల్లె. కర్నూలు, కడప జిల్లాల పొలిమేరలో ఉంటుంది. 2022లో జిల్లాలను విడదీసిన నాటి నుంచి కాగితాల మీద నంద్యాల జిల్లా. మాటలో మాత్రం ఇంకా కర్నూలే. ఆ ట్రాక్టరు హెచ్.ఎం.టి. 2511. నాయన 1979లో బ్యాంకు అప్పుతో కొన్నాడు. చెకొస్లవేకియాలోని జెటోర్ కంపెనీ నమూనాను తీసుకొని హెచ్.ఎం.టి. వారు 1971 నుంచి హర్యానాలోని పింజోరులో తయారుచేసిన బండి అది. రెండు సిలిండర్లు, ఇరవై అయిదు గుర్రాల బలం. ఈనాటి యాభై గుర్రాల బండ్ల పక్కన నిలబెడితే చిన్నపిల్లలా ఉంటుంది. కానీ మా పల్లెలో మొదట మోగిన ఇంజన్లలో దాని గొంతు ఒకటి.

అమెరికాలో ఉన్న మా పిన్నమ్మ కొడుకు ఒకసారి తన పొరుగింటి పెద్దాయన ఫోటో పంపించాడు. ఆయన ఇంటి వెనుక రేకుల కొట్టంలో గార్డెన్ ట్రాక్టరు అనే పొట్టి బండి ఒకటి ఉన్నది. పచ్చిక కోయడానికీ, పెరటిమడి దున్నడానికీ, చలికాలంలో మంచు నెట్టడానికీ వాడే రకం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో 'కబ్ కాడెట్' అన్న పేరుతో విడుదల చేసిన బండ్ల వంశానిది. పాడుబడి ఉన్నదాన్ని కొని, మర మర విప్పి, తుప్పు గీకి, దొరకని భాగాలను తోటి పిచ్చివాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకొని, తిరిగి మోగించాడట. ఏటా వేసవిలో ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ తమ పాత బండ్లను ఒక మైదానానికి తెచ్చి, రోజంతా ఒకరి ఇంజను ఒకరు విని, పొద్దుగూకినాక ఇళ్ళకు పోతారు. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. ఇంగ్లండులో అయితే ఇది పెద్ద తిరునాళ్ళే. డార్సెట్టులో 1969 నుంచి 2022 దాకా జరిగిన ఆవిరి యంత్రాల జాతరకు దేశదేశాల నుంచి జనం వచ్చేవారు.

'కడుపు నిండినవాళ్ళ సరదా' అని నేనూ అనుకున్నాను. అయితే ఆ కంపెనీ పేరు చదివినప్పుడు ఒక సంగతి తట్టింది. అదే ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో మహీంద్రావారు 1963లో పొత్తు కలిపి మన దేశంలో బి-275 ట్రాక్టరును తయారుచేశారు. ఆ పెద్దాయన కొట్టంలోని బండికీ, మన రాయలసీమ దుక్కిలో తిరిగిన బండికీ దాయాది సంబంధం ఉన్నదన్నమాట.

అంతకన్నా ఆశ్చర్యం ఆయిలింజను కథ. ఇంగ్లండులోని డర్స్‌లీ అన్న చిన్న పట్నంలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒక ఇంజను చేసింది. ఇరువైపులా పెద్ద చక్రాలు, ఒకే సిలిండరు, నిమిషానికి 600 చుట్లు, అయిదు గుర్రాల బలం. తరువాత 650 చుట్లు, ఆరు గుర్రాలు. గుజరాతులోని రాజ్‌కోట వాళ్ళు దాని నకళ్ళు పోతపోసి దేశమంతటికీ పంపారు. మన బావుల దగ్గర 'డుబ్బు... డుబ్బు...' మని నింపాదిగా మోగినవాటిలో ఆ జాతివి ఎన్నో ఉన్నాయి. ఇక్కడ మనం తుప్పు పట్టించి తూకానికి వేస్తున్న ఆ ఇంజన్ల రాజ్‌కోట నకళ్ళనే అమెరికాలోనూ ఇంగ్లండులోనూ కొందరు ఓడల మీద తెప్పించుకున్నారు. వాటికి 'లిస్టరాయిడ్' అని ముద్దుపేరు కూడా పెట్టారు. మన చేతి పని విలువ మనకు తెలియాలంటే సముద్రం దాటిరావలసిందే కాబోలు!

ఇక ఈ ఇనుముకూ మా నేలకూ ఉన్న బంధం చెప్పాలి. నల్లరేగడి పొగరుబోతు నేల. వానకు బురద, ఎండకు బండ. ఆ రెండింటికీ నడుమ 'పదును' అనే ఘడియ ఒకటుంటుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలు ఆగినాక ఆ పదును రెండు మూడు రోజులే నిలిచినా నిలవవచ్చు. ఆ లోపల గొర్రు తోలినవానికి పంట, తోలనివానికి బీడు. జత ఎద్దులకు మడక కట్టి పొద్దస్తమానం దున్నినా ఎకరం తెగడం గగనం. వర్షం తక్కువైన సీమలో రైతు పేదరికమంతా నీటి కొరతే అనుకుంటాం. అది నిజమే కానీ సగం నిజం. పడిన నాలుగు చినుకులను ఆరిపోకముందే అందుకోలేని కాలం కొరత మిగతా సగం. ట్రాక్టరు మాకు ఆ కాలాన్ని ఇచ్చింది. నాయన రాత్రంతా లైట్లు వేసుకొని దున్నడం నాకు గుర్తు. తన చేను అయినాక ఇంకొకరిది, అది అయినాక మరొకరిది.

ఆయిలింజను కథ వేరు. అది ఎద్దు మెడ మీది బరువు దించింది. కపిల బావి చూసినవారు మనలో ఎందరున్నారో తెలియదు. తోలు తొండమున్న బానను బావిలోకి వదలి, ఎద్దులను వాలు దారిలో కిందికి నడిపితే నీళ్ళు పైకి వచ్చేవి. మళ్ళీ ఎద్దులను వెనక్కు పైకి నడిపించాలి. తెల్లవారుజాము నుంచి అదే పని. మద్రాసు రాష్ట్రంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలోనే బావుల మీద ఆయిలింజన్లు పెట్టించే ప్రయత్నం మొదలుపెట్టాడు. అప్పటికి మన సీమ జిల్లాలూ ఆ రాష్ట్రంలోనివే. తరువాత కరెంటు వచ్చింది. నీటిమట్టం పడిపోయింది. సాధారణపు పంపు ఇరవై అయిదడుగుల లోతుకు మించి నీటిని పీల్చలేదు కనుక, ఇంజనును బావిలోకి మెట్టు మెట్టుగా దించుకుంటూ పోయారు. చివరకు నీరు బోరుబావి పాతాళానికి దిగినప్పుడు ఇంజను వెంట పోలేకపోయింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినాక దానివైపు చూసే అవసరం కూడా తీరిపోయింది. ఒక ఇంజను ఎందుకు మూలపడిందో చెబితే ఆ ఊరి నీటి చరిత్ర అంతా చెప్పినట్లే.

భాషాభిమానులైన మిత్రులకు ఇంకొక సంగతి. ట్రాక్టరు వెనుక తగిలించే కల్టివేటరును మావాళ్ళు ఆ పేరుతో పిలవరు. 'గొర్రు' అంటారు. అడ్డపలుగు ఉన్నదాన్ని 'గుంటక' అంటారు. ఎద్దుల నాటి పనిముట్ల పేర్లు ఇనుపబండికి వారసత్వంగా వచ్చాయి. కొత్త వస్తువుకు తెలుగు పేరు పెట్టడానికి మనం ఎంతో తర్జనభర్జన పడతాం. దుక్కిలో ఉన్నవాడు పని చూసి పేరు పెట్టేసి ముందుకు పోయాడు. ఆ మాటలు నిఘంటువులో దొరకవచ్చు. కానీ 'ఈ నేలకు గొర్రు ఎంత దించాలి' అన్న లెక్క మాత్రం మనుషుల దగ్గరే ఉన్నది.

మా ట్రాక్టరును చూసే ఉస్తాదు ప్రొద్దుటూరు దోవలో ఒక షెడ్డులో ఉంటాడు. డెబ్బై దాటాయి. పదేళ్ళ వయసులో నంద్యాలలో ఒక షెడ్డులో పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. ఆయన రోగనిర్ణయం చూసి తీరవలసిందే. పెద్ద స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకుంటాడు. ఒకసారి అట్లా విని, "రెండో నాజిలు ఉచ్చ పోస్తాంది సామీ" అన్నాడు. విప్పి చూస్తే నిజంగానే డీజిలు తుంపరగా చిమ్మవలసినచోట బొట్లు బొట్లుగా కారుతున్నది. లిస్టరు జాతి ఇంజనును మోగించే పద్ధతీ ఆయనే చూపించాడు. ముందు వాల్వును ఎత్తిపట్టే మీట వేయాలి. అప్పుడు సిలిండరులో ఒత్తిడి ఉండదు. హ్యాండిలుతో చక్రాన్ని తిప్పి తిప్పి, అది తన బరువుతో తానే పరుగెత్తే వేళకు మీటను దించాలి. సరైన క్షణంలో దించితే ఒక దగ్గు, ఇంకొక దగ్గు, ఆ తరువాత పాట. తప్పితే చేయి విరిగే ప్రమాదం. ఈ 'సరైన క్షణం' ఏ పుస్తకంలో వ్రాయగలరు?

హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయడానికి కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీయే లేని బండికి కొత్త భాగాలు ఎక్కడివి? ఉస్తాదు లేతు మీద బుష్షు తిప్పిస్తాడు, వేరే బండి వాషరును అరగదీసి సరిపెడతాడు, ఎక్కడో గుజరీలో సాటి బండి కనబడితే గేరుచక్రం ఊడబెరుక్కొని వస్తాడు. ఆయన ఇద్దరు కొడుకుల్లో ఒకడు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు, ఒకడు కువైటులో ఉన్నాడు. "నేర్పిద్దామంటే నేర్చుకునే పిల్లోడు యాడుండాడు? నేర్చుకుంటే మాత్రం వానికేం కూడు పెడ్తాది ఇది?" అన్నాడు ఒకసారి. తూకంలో పోయేది ఇనుము ఒక్కటే అయితే నాకు ఇంత బాధ లేదు. ఇనుము మళ్ళీ కరుగుతుంది, మరొక రూపు తొడుక్కుంటుంది. ఆ చెవి పోతే మళ్ళీ పుట్టదు.

మరి కూడు పెట్టని విద్యను ఎవరు నిలబెట్టాలి? దీనికి జవాబు మన ఊళ్ళలోనే ఉన్నదని నా అభిప్రాయం. శివరాత్రికో ఉగాదికో మన జాతరల్లో జరిగే బండలాగుడు పోటీలు చూడండి. ఒంగోలు జాతి ఎద్దుల జతలు, పాలపళ్ళ విభాగమని, రెండు పళ్ళని, నాలుగు పళ్ళని, ఆరు పళ్ళని వయసు లెక్కన బరిలోకి దిగుతాయి. నిర్ణయించిన నిమిషాల్లో ఎన్ని అడుగుల దూరం బండను లాగినాయన్నది లెక్క. ఆ ఎద్దులలో ఎన్ని దుక్కి దున్నుతున్నాయి? ఎన్ని బండి లాగుతున్నాయి? ఆ పని ట్రాక్టరు ఎప్పుడో లాగేసుకున్నది. అయినా ఉలవలు ఉడకబెట్టి, ఒళ్ళు తోమి, కన్నబిడ్డల మాదిరిగా సాకే రైతులు ఉన్నారు. వాళ్ళను 'దీనివల్ల లాభమేమి?' అని ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగినవాడే వెర్రివాడు అవుతాడు.

ఎద్దు పని పోగొట్టుకొని కూడా సరదాగా బతికింది. ఆ సరదా వెంట దాని జాతీ, దాన్ని సాకే నేర్పూ, పళ్ళు చూసి వయసు చెప్పే విద్యా ఎంతో కొంత బతికాయి. తొలితరం ట్రాక్టరు ఈ రోజు సరిగ్గా ఎద్దు అప్పుడు నిలబడిన చోట నిలబడి ఉన్నది. పని అయిపోయింది, ప్రేమ ఇంకా మొదలు కాలేదు. కనుక ఈ సరదాను విదేశాల నుంచి అరువు తెచ్చుకోనక్కరలేదు. మనకు ఉన్న అలవాటునే ఎద్దు నుంచి ఇంజనుకు సాగదీసుకుంటే చాలు.

దీనికి ఎదురయ్యే వాదం ఒకటున్నది. దాన్ని దాటవేస్తే నేను నిజాయితీ తప్పినవాణ్ణవుతాను. ప్రాణం ఉన్న ఎద్దూ, అప్పు తెచ్చిన ఇనుమూ ఒకటేనా? మా ఇంట ఆ ట్రాక్టరు అప్పు తీరడానికి పదకొండేళ్ళు పట్టింది. రెండు కరవులు వచ్చినాయి. అమ్మ మెడలోని గొలుసు ఒకసారి కుదువకు వెళ్ళి వచ్చింది. రెండోసారి వెళ్ళింది, రాలేదు. బ్యాంకువాళ్ళు వచ్చి బండిని తోలుకుపోతారేమోనని నాయన దానిని కొన్నాళ్ళు చిన్నాయన కల్లంలో దాచాడు. మా ఊళ్ళో ఇంకొక ఇంట బండిని నిజంగానే తోలుకుపోయారు; ఆ ఇంటి పెద్దాయన ఆ తరువాత వీధిలో తలెత్తి నడవలేదు. ట్రాక్టరు వచ్చినాక కూలి దినాలు తగ్గినవాళ్ళ కడుపు మంట ఇంకొక కథ. ఇన్ని కన్నీళ్ళు తాగిన బండికి రంగు పూసి, పూలదండ వేసి, ఊరేగించడం వాళ్ళ బాధను ఎగతాళి చేయడం కాదా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తినివేసింది. చివరకు అమ్మనే అడిగాను, అమ్మేద్దామా అని. ఆమె కాసేపు ఊరకుండి, "నా గొలుసు దాంట్లోనే ఉండాది నాయనా. తూకమేసేటప్పుడు అది కూడా కలిపి వేస్తాడేమో అడుగు" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు నవ్వు రాలేదు. కానీ నా సందేహం తీరింది. బండిని దాచుకోవడమంటే ఆ బాధను దాచిపెట్టడం కానక్కరలేదు. అది అక్కడ నిలబడి ఉన్నంత కాలం దాని కథ మొత్తం, పదును దక్కిన రాత్రీ గొలుసు పోయిన పగలూ, చెప్పుకోవడానికి ఒక ఆనవాలు ఉంటుంది. తూకానికి వేసిన నాడు రెండూ కలిసి పోతాయి.

అందువల్ల పాత బండికి కొత్త రంగు పూసి అద్దంలా మెరిపించడం నాకు సమ్మతం కాదు. పని బట్టల్లో ఉంచాలా, పెళ్ళి బట్టలు తొడగాలా అన్నది ఈ సరదా ఉన్నవాళ్ళ మధ్య ఎప్పుడూ నడిచే తగవే. నా ఓటు పని బట్టలకు. తుప్పు ఆపండి, నూనె మార్చండి, ఇంజను మోగించండి. నాయన కూర్చొని అరిగిన సీటును అట్లాగే ఉంచండి.

సర్కారు వైపు నుంచి చిన్న దిద్దుబాటు ఒకటి కావాలి. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి, యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని పాతకాలపు వాహనాలకు ప్రత్యేకమైన నమోదు కల్పించింది. నంబరులో 'వి.ఎ.' అన్న గుర్తు కూడా ఇచ్చింది. అయితే అది ద్విచక్ర వాహనాలకూ, సొంత కార్లకూ మాత్రమే. జమీందారు కారు చరిత్ర అయింది గానీ, రైతు ట్రాక్టరు కాలేదు. మా బండికి 2029లో యాభై నిండుతాయి. అప్పటికైనా ఆ నియమంలో ట్రాక్టరన్న మాట చేరాలని కోరుకోవడం అత్యాశ అనుకోను. ఇంకొక మాట: పదేళ్ళు దాటిన ట్రాక్టర్లను తప్పనిసరిగా తుక్కు చేయాలన్న పుకారును నమ్మి అమ్ముకోకండి. వ్యవసాయ ట్రాక్టరుకు మొదట పదిహేనేళ్ళ నమోదు, ఆపైన అయిదేసి ఏళ్ళకు పొడిగింపు ఉంటుందని 2023 జనవరిలో కేంద్రమే వివరణ ఇచ్చింది.

మిగిలినది మన చేతిలో పని. బండలాగుడు అయినాక అదే బరిలో ఒక గంటసేపు పాత ఇంజన్లను మోగించవచ్చు. నంద్యాలలో 1906 నాటి వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉన్నది. ఒక్క రేకుల షెడ్డు వేసి, కపిల బాన నుంచి పవర్ టిల్లరు దాకా వరుసగా నిలబెడితే మన పిల్లలకు అంతకన్నా పాఠం వేరే అక్కరలేదు. అన్నిటికన్నా ముందు ఉస్తాదుల మాటలను, వాళ్ళ చేతులను, వాళ్ళు వినే శబ్దాలను రికార్డు చేసుకోవాలి. దీనికి డబ్బు కూడా అక్కరలేదు. మన జేబులోని ఫోను చాలు. ఆ సమావేశాలకు ఉస్తాదులనూ, డ్రైవర్లనూ అతిథులుగా పిలవాలి, పనివాళ్ళుగా కాదు. వాళ్ళు లేకుండా బండి యజమానులం మాత్రమే కూడితే అది నిజంగానే కడుపు నిండినవాళ్ళ సరదాగా మిగులుతుంది.

1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర చెదలు తినే తాటాకులను ఏరి, పండితులను కూర్చోబెట్టి, ప్రతులు వ్రాయించి, పాఠాలు సరిచేయించాడు. ఆ ఆకుల విలువ చాలామందికి తెలియని కాలమది. పద్యానికీ పిస్టనుకూ పోలికేమిటని పెద్దలు కోప్పడవచ్చు. పనికిరాదని మనం తీసిపారేసినదాన్ని ఎవరో ఒకరు 'కాస్త ఆగండి' అనడమే రెండుచోట్లా మొదటి మెట్టు. నా పోలిక అంతవరకే.

తమ్మునికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అయితే ముందు నాలుగో చక్రం చూడు, రాయి మీద ఎన్నాళ్ళు నిలబెడ్తావు?" అన్నాడు. న్యాయమైన మాట. ఉగాదికి ముందు వారం ఉస్తాదు వస్తానన్నాడు. ఇంజను పట్టేసి ఉంటే సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్ళు నాననివ్వాలట. మోగుతుందో లేదో ఆయనే చెప్పలేనన్నాడు.

మీ ఊళ్ళో, మీ అబ్బగారి బావి దగ్గరో, మేనమామల కల్లంలోనో ఇట్లాంటి ఇంజను మిగిలి ఉంటే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. దాన్ని మోగించిన మనిషి బతికి ఉంటే, పోయి పలకరించండి. తూకం వేసేవాడు ఎట్లాగూ వస్తాడు. ఆయన కన్నా ఒక పూట ముందు మనం వెళితే చాలు.